వెండి బిళ్ళలోని ముఖం

2023 వానాకాలం. నిజామాబాద్ బస్టాండు దగ్గరి సందులో నా కంప్యూటర్ దుకాణం. స్టూడెంట్ డిస్కౌంట్ అంటే నేను దయతలచి ఇచ్చేదని జనం అనుకుంటారు. ఇచ్చేది కంపెనీ, సతాయించేదీ కంపెనీయే. కాలేజీ కార్డు పెట్టాక లైవ్‌నెస్ చెక్ ఉంటుంది. అంటే విద్యార్థి కెమెరా ముందు కూర్చుని, కార్డులో ఉన్నది తానేనని చూపించాలి. మూడుసార్లు తప్పితే ఆ పేరు మీద మళ్లీ డిస్కౌంట్ రాదు. మొత్తుకుందామన్నా అవతల వినే మనిషి ఉండడు.

ఆ రోజు బోధన్ అవతలి చెరకు ఊళ్ల నుంచి లావణ్య అనే డిగ్రీ అమ్మాయి భర్తతో వచ్చింది. చివరి ఏడాది ప్రాజెక్టుకు సొంత ల్యాప్‌టాప్ కావాలి.

"డిస్కౌంట్ లేకుంటే మాతోని కాదు సేట్," అన్నాడు భర్త.

"గిది దొరకకుంటే సదువు బంద్ చేపిస్తదట మా అత్త," అని ఆమె మెల్లగా చెప్పింది.

తెల్ల గోడ ముందు కూర్చోబెట్టాను. తెర మీద ఆమె ముఖం చుట్టూ పచ్చ గీత పడింది. దాని కింద ఇంకో పచ్చ గీత పడింది. ఇద్దరు కనిపిస్తున్నారు, ఒక్కరే ఉండాలని వచ్చింది. భర్తను జరగమందామని చూస్తే అతను తలుపు దగ్గరే ఉన్నాడు. రెండోసారీ అంతే. అప్పుడు వంగి చూశాను. రెండో గీత ఆమె మెడలోని వెండి బిళ్ళ చుట్టూ ఉంది. దాని మీద ఒక ఆడమనిషి ముఖం.

"గామె ఎవరు చెల్లె?"

"మా అక్కనే అన్నా. ఈయన మొదటి పెండ్లాం. కాన్పుల పోయింది."

మా వైపు కొన్ని ఇళ్లలో పోయిన భార్య ముఖాన్ని వెండిలో చేయించి, రెండో పెళ్లికూతురి మెడలో వేస్తారు. నాకు తెలిసిన ఆచారమే. కానీ కెమెరా ఆమెను కూడా మనిషి కింద లెక్కపెట్టేసరికి ఒళ్లు జలదరించింది.

"జరసేపు తీసిపెట్టు," అన్నాను.

"తియ్యొద్దు సేట్. మంచిగుండది," అన్నాడు భర్త.

ఆమె తీసి కౌంటర్ మీద పెట్టింది. చెక్ మొదలయ్యే ముందు తెర మన ముఖాన్ని వెతుక్కుంటుంది. ఈసారి ముఖం కనబడటం లేదని చెప్పింది, చెక్ మొదలే కాలేదు. ఎదురుగా అమ్మాయి కూర్చునే ఉంది. వెలుతురు అదే, గోడ అదే. కెమెరా తుడిచాను. అదే మాట. నాకు నిజంగా భయమేసింది.

లావణ్య బిళ్ళను మళ్లీ మెడలో వేసుకుంది. పిడికిట్లో పట్టుకుని తల వంచింది.

"అక్కా, జర కండ్లు మూస్కో. నన్ను సదువుకోనియ్యి."

బిళ్ళ ముఖాన్ని తన గుండె వైపు తిప్పుకుంది. ఆఖరి అవకాశం, నొక్కాను. ఒక్కటే గీత పడింది. డిస్కౌంట్ వచ్చింది. భర్త బయటికి వెళ్లి మెట్ల మీద కూలబడ్డాడు.

ల్యాప్‌టాప్ సిద్ధం చేస్తూ అలవాటుగా అడిగాను. "పాస్‌వర్డ్ యాది పెట్టుకునే పని లేదు. నీ ముఖం చూసి తెరుచుకునేటట్టు పెట్టాల్నా?"

ఆమె చెయ్యి బిళ్ళ మీదికి పోయింది.

"వద్దన్న. గామె చూసినా తెరుచుకుంటది."

వెలుతురు తేడా అయి ఉంటుందని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. కానీ కెమెరా ముందు కూర్చున్నది ఒక్కరేనని ఇప్పుడు ఎవరి గురించీ అనుకోను. మెడలో ఏముందో ముందే అడుగుతాను, తీయమని మాత్రం అనను. ముఖంతో తెరుచుకునే ఏర్పాటు నా అంతట నేను ఎవరికీ పెట్టను. ఆ సాయంత్రమే నా ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ తీసేశాను.