హబ్బు మీద అరవై రెండు

ఈ రోజు పొద్దున చంద్లాపూర్ నుంచి ఒక పెద్దాయన పాత సైకిల్ నెట్టుకుంటూ మా రిపేరు షాపుకు వచ్చాడు. ఆయన పుట్టిన ఏడాదే వాళ్ల బాపు దాన్ని కొన్నాడట. ఆధార్ కార్డులో మాత్రం ఆయన డెబ్బై మూడులో పుట్టినట్టు పడింది. వయసు చాలక పింఛను ఆగింది. సైకిల్ ఏ సంవత్సరందో రాసిస్తే ఆఫీసులో చూపిస్తానన్నాడు.

సీటు కింద రంగు గీకి ఫ్రేమ్ నంబరు చూశాను. ఎవరూ నేర్పకుండా, పాత సైకిళ్లు విప్పి విప్పి నేను రాసుకున్న లెక్క ప్రకారం అది కూడా డెబ్బై మూడుదే.

"గట్లెట్లయితది కొడుకా, మంచిగ చూడు."

వెనక చక్రం నడుమ ఉండే హబ్బు మీద గ్రీజు తుడిస్తే అరవై రెండు అని అచ్చు కనిపించింది.

"కాకా, ఫ్రేమ్ ఎప్పుడన్న మార్చిన్రా?"

"ఆఁ, వడ్ల బస్తాతోని పడితె ఇరిగింది. బాపు పాత చక్రాలే కొత్త ఫ్రేముకు ఎక్కిచ్చిండు."

రెండూ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. "పింఛను సైకిల్‌కు ఇయ్యాల్నా, నీకు ఇయ్యాల్నా?" అని కౌంటర్లో నవ్వారట.

చిన్నదానికే స్పానర్ విసిరే నాకు ఇవాళ కోపం కూడా రాలేదు. పంక్చర్ వేస్తూ కూర్చున్నాను.

రేపు మళ్లీ వస్తానన్నాడు. సైకిల్ వయసు చెప్పినవాణ్ని, ఆయన వయసు కూడా నేనే తేలుస్తాననుకుంటున్నాడు. బడి మొహం చూడక, సర్టిఫికెట్ లేని మనిషికి కార్డులో వయసు ఎట్లా దిద్దిస్తారో తెలిసినవాళ్లు కింద రాయండి.