డెబ్బయ్యో ఏటి తలంటు

మా అప్ప పోయింది. రథసప్తమి దగ్గర పడుతుండగా, కళింగపట్నం దగ్గర ఆమె అత్తవారి ఊరి నుంచి మేనల్లుడు వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. "మావా, అమ్మ..." అన్నాడు. ఇంకేమీ అననక్కర్లేకపోయింది. వాడి వెనకే నడిచాను.

అప్ప నా తోడబుట్టింది, నాకంటే పెద్దది. ఎంత పెద్దదో ఇద్దరికీ తెలీదు. మా ఇళ్లల్లో పుట్టినరోజులు ఎవరు గుర్తు పెట్టుకున్నారు? నేను రథసప్తమి మర్నాడు పుట్టానన్నది ఆమె మాటే. ఆవేళ మంత్రసానికి వేణ్ణీళ్లు కాచి ఇచ్చింది తనేనట. అమ్మ పోయాక, ఏటా రథసప్తమికి అరసవల్లి వెళ్లి, మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో దిగి నాకు తలంటేది. ఆ చేతికి జాలి లేదు. మాడు మీద నూనె పెట్టి చరిస్తే కళ్లమ్మట నీళ్లు తిరిగేవి.

అరవై నిండిననాడు నాకు సిగ్గేసింది. మనవలు చుట్టూ చేరి చూస్తున్నారు.

"ముసిలోణ్ణయిపోనాను. ఇప్పుడు తలంటేటి, అప్పా? నవ్వుతారు."

"నవ్వనీరా. పళ్లున్నోళ్లు నవ్వుతారు. నీకూ నాకూ అయ్యి లేవు గదా. తల వంచు."

సున్నిపిండి కళ్లల్లో పడి నేను గోల పెడితే, "ఊరుకోరా. డెబ్బైకీ నానే అంటుతాను. అందాకా నువ్వు సావకు, నాను సావను" అంది.

ఆ డెబ్బై ఈ రథసప్తమి మర్నాటికి నిండుతుంది.

ఊళ్లో అందరికీ నేను తాతనే. గట్టు దిగాలంటే మోకాలు పట్టేస్తుంది. అప్ప వచ్చి వాకిట్లోంచి "ఒరే" అంటే మాత్రం ఆ వయసంతా ఎక్కడికి పోయేదో, చేతిలో పని వదిలి వచ్చేసేవాణ్ణి. మొన్న వానాకాలంలో చూడ్డానికి వెళ్తే, మంచంలోంచే నా చెయ్యి పట్టుకుని, "ఏటిరా ఇలాగైపోనావు? సోడంబలి తాగుతన్నావా నేదా?" అని కసిరింది. తనకి అన్నం సయించడం లేదన్న మాట ఆమె కోడలు చెప్తే గాని తెలీలేదు.

పెదకర్మనాడు వంశధార ఒడ్డున మేనల్లుడికి తలపాగా చుట్టే వేళయింది. కర్మ చేయించే ఆయన కొత్త తువ్వాలు పట్టుకుని, "పుట్టింటి పెద్దోరు ముందుకి రండి" అన్నాడు. నేను అలవాటు కొద్దీ పక్కకి జరిగి దారిచ్చాను. ఎవరూ రాలేదు. వెనక్కి తిరిగి చూశాను. అందరూ నాకేసే చూస్తున్నారు. నేనిచ్చిన దారిలో తడి ఇసక, ఒక్క అడుగూ పడకుండా అలాగే ఉంది.