డిస్కౌంటు జెర్సీ, అవ్వ పసుపు

సముద్రాల అవతల ఎక్కడో ఉన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ప్రతి ఏడాదీ జెర్సీ మారుస్తుందనీ, కొత్తది రాగానే పాతదాన్ని సగం కన్నా తక్కువకే ఆన్‌లైన్‌లో అమ్మేస్తుందనీ నాకు చెప్పింది మా బిడ్డ. ఇంటర్ చదువుతోంది, గోల్‌కీపర్‌గా ఆడుతుంది. ఆ క్లబ్బు గోల్‌కీపర్ వేసుకునే లేత నీలం జెర్సీ బొమ్మను ఫోన్‌లో రోజూ తెరిచి, ధర దిగిందేమో చూసి, మూసేసేది. కొనిమ్మని మాత్రం అడగలేదు.

ఫుట్‌బాల్ నాకూ కొత్త కాదు. వయసులో ఉన్నప్పుడు కాగజ్‌నగర్‌లో ఒక మ్యాచ్ ఆడాను. నేను తన్నిన బంతి పోయి పేపర్ మిల్లు పొగగొట్టంలో పడింది. కొన్నాళ్లకు గీతల నోటుబుక్కై దుకాణంలోకి వచ్చింది, అట్ట మీద నా బూటు అచ్చు అలాగే ఉంది. ఆదిలాబాద్‌లో నేను పనిచేసే జిన్నింగ్ మిల్లు కాటా దగ్గర, పత్తి బండ్లు తోలుకొచ్చే వాళ్లకు ఈ సంగతి చాలాసార్లు చెప్పాను. మహారాష్ట్ర వైపు డ్రైవర్లు తలూపుతారు. మనవాళ్లు ఆ నోటుబుక్కు చూపించమంటారు. నా భార్య అసలు వినడమే మానేసింది.

ఇక నన్ను కన్న మా అవ్వ సంగతి. మా ఇంట్లో కొత్త బట్ట ఏది వచ్చినా, ఒంటి మీదికి పోకముందే అవ్వ దాని మూలకు ఇంత పసుపు అద్దాలి. చీరైనా, చొక్కా అయినా, చివరికి సాక్సులైనా సరే. నచ్చని దాన్ని ఆమె వద్దనదు. పసుపు పెట్టదు, అంతే. వద్దంటే వాదించవచ్చు, ఊరికే ఉన్నవాళ్లతో ఏం వాదిస్తాం? పెళ్లికి ముందు నేనొక ఎర్ర ప్యాంటు కొనుక్కున్నాను. దానికి పసుపు పడలేదు. అది సందుగ పెట్టెలోనే ఉండిపోయింది. చివరికి ఎలుకలు దాన్ని తొడుక్కుని పెళ్లికి పోతుంటే నేను కళ్లారా చూశాను.

మొన్నటేడు బంతి ఆపబోయి మా బిడ్డ మణికట్టు విరగ్గొట్టుకుంది. పట్టీ విప్పేదాకా అన్నం కలిపి ముద్దలు పెట్టింది అవ్వే, జడ వేసిందీ అవ్వే. చెయ్యి బాగైంది, పిల్ల మళ్లీ గ్రౌండుకు పోయింది. ఆ తర్వాత నేను కొనిచ్చిన కొత్త బూట్లకు మాత్రం అవ్వ పసుపు పెట్టలేదు. డబ్బా మంచం కింద అలాగే ఉంది.

అప్పుడే కరీంనగర్‌లో జట్టు సెలెక్షన్లన్నారు. ఆ బూట్లకు నాయినమ్మ పసుపు పెట్టకుంటే పోనని బిడ్డ పట్టుబట్టింది. అవ్వ ఆ మాట విననట్టే ఉంది. వాళ్లిద్దరి నడుమ నా కథలేవీ పనిచేయలేదు. పూర్వం ఒక గోల్‌కీపర్‌కు ఆడకుండా ఇంట్లో కూర్చున్నందుకే చెయ్యి విరిగిందని కూడా చెప్పి చూశాను. అవ్వ చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

సరిగ్గా ఆ వారమే జెర్సీ ధర దిగింది. జెర్సీ చేతిలో పడితే పిల్లయినా మెత్తబడుతుందని నా ఆశ. తీరా చూస్తే మిగిలింది పెద్ద సైజొక్కటే. డిస్కౌంటు వచ్చేసరికి మనకు సరిపోయేవన్నీ ఎవరో ముందే ఎత్తుకుపోతారు. పెరిగే పిల్ల కదా అనుకుని నొక్కేశాను.

వచ్చాక తొడిగి చూస్తే చేతులు వేళ్లు దాటి వేలాడాయి. బిడ్డ నవ్వింది గానీ ముఖం చిన్నబోయింది. ఫోన్ తీసి చూస్తే చిన్న సైజు ఒకటి మళ్లీ కనిపించింది. మార్చి ఇస్తారు, కాకపోతే ట్యాగు తెగకూడదు, మరక పడకూడదు. వెంటనే రిటర్న్ పెట్టి, జెర్సీని కవర్లో సర్ది ఫ్రిజ్ మీద పెట్టాను. అవ్వ చూస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున డెలివరీ అతను వచ్చాడు. అవ్వ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. అతను కవర్ విప్పి, జెర్సీని వాకిలి పక్క గద్దె అరుగు మీద పరిచి, ఫోటోలు తీస్తూ కాలరు దగ్గర ఆగాడు. అక్కడ బొటనవేలంత పసుపు. అంచు దగ్గర ఇంకొకటి.

"గిదేంది కాకా?"

నా నోరు ఆగలేదు. ఆ దేశంలో మైదానాల నిండా పసుపుపచ్చ పూల గడ్డి ఉంటుందనీ, గోల్‌కీపర్లు దాని మీదే దొర్లుతారనీ, అచ్చి రావాలని కొత్త జెర్సీలకు కూడా ఆ పూలు రుద్ది పంపుతారనీ చెప్పాను. అతను కథంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత మరకను వేలితో రాసి వాసన చూసుకుని, తన కంపెనీ టీషర్టు కాలరు తిరగేసి చూపించాడు. అక్కడ కూడా ఉతికి ఉతికి వెలిసిన పసుపు.

"మా ఊరు ఇచ్చోడల మా అవ్వ సుత గిట్లనే పెడ్తది కాకా. గీ మరకతోటి తీస్కపోతే నా మీదికొస్తది. జర ఉతికి ఆరవెట్టు, రేపొస్త."

ఉతకాలంటే సబ్బు తగలాలి. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది. రేపు ఆ ఎరుపుకు ఏ కథ చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగా బిడ్డ బయటికి వచ్చింది. కాలరు చూసింది. జెర్సీని నా చేతుల్లోంచి లాక్కుని పోయి అవ్వ ముందు కూర్చుంది.

"నాయినమ్మా, పోనా?"

అవ్వ చాటలోంచి తల ఎత్తలేదు.

"పసుపు వెట్టినంక అడుగుతరా? మంచం కింది బూట్లు సుత తేపో."

డెలివరీ అతను నావైపు చూశాడు. రిటర్న్ క్యాన్సిల్ చెయ్యమన్నాను. అతను ఫోన్‌లో ఏదో నొక్కి, పోతూ పోతూ అవ్వకు నమస్తే పెట్టాడు.

ఆ సాయంత్రం అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని జెర్సీ చేతులు లోపలికి మడిచి కుట్టింది. కుడుతూ ఒక్కటే మాట చెప్పింది: బాలు వస్తే రెండు చేతులతో పట్టాలి, ఒంటి చెయ్యి చాచి దూకకూడదు.

కరీంనగర్ గ్రౌండులో మా బిడ్డ అలాగే ఆడింది. రెండు చేతులకు అందనివి రెండు వదిలేసింది, మిగిలినవి పట్టింది. జట్టులోకి తీసుకున్నారు. ఇది నేను చెప్పడం వల్ల మీకు అనుమానం రావచ్చు, అందుకే ఇందులో ఎక్కడా పొగగొట్టం పెట్టలేదు.

ఇంటికి వచ్చాక బురద కొట్టుకున్న జెర్సీని అవ్వే ఉతికింది. సబ్బు రుద్దినప్పుడు కాలరు మీది మరక ఎర్రబడింది, నీళ్లు పోశాక మళ్లీ పసుపైంది. కాటా దగ్గర డ్రైవర్లకు అది క్లబ్బు వాళ్ల ముద్ర అని చెబుతున్నాను.