వినిపిస్తోందా?

సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన వేళ్ళు సన్నగా, కొసలు నల్లబడి ఉంటాయి. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, చీమ తలకాయంత స్క్రూని పట్టకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి బిగిస్తాడు. బాగైన ప్రతి ఫోన్ నుంచీ ఇంటికి ఒక కాల్ చేసి చూడటం ఆయన పద్ధతి. స్పీకర్ పెట్టి, "వినిపిస్తోందా?" అంటాడు. భార్య "ఆఁ, వినిపిస్తోంది" అనగానే పెట్టేస్తాడు. పొద్దుటి నుంచి షాపు కట్టేదాకా ఆ మొగుడూపెళ్ళాల మధ్య మాటలు అవే.

మొన్న ఒక టీచరమ్మ ఫోన్ నుంచి అలాగే చేశాడు.

"వినిపిస్తోందా?"

"ఆఁ... కళ్ళు తిరిగి వంటింట్లో పడిపోయానండీ, లేవలేకపోతున్నా..."

ఆయన తల పక్కకు వంచి, గరగర ఏమన్నా ఉందేమోనని శ్రద్ధగా విని, పెట్టేశాడు. "స్పీకర్ బ్రహ్మాండంగా ఉందమ్మా, తీసుకోండి."

టీచరమ్మ ఫోన్ అందుకోలేదు. "అదేంటండీ! ఆవిడ పడిపోయానంటుంటే!"

ఆయన కంటికున్న భూతద్దం పీకేశాడు. గబగబా మళ్ళీ నంబరు నొక్కాడు. చాలాసేపు మోగాక భార్య ఎత్తింది. ఆయన నోరు తెరిచేలోపే అటునుంచి నీరసంగా, "వినిపిస్తోందండీ, పెట్టేయండి" అంది.