కుడిబుగ్గన పుట్టుమచ్చ

హోర్న్ అనే రేవు పట్టణంలో యోరిస్ అనే చిత్రకారుడు ఉండేవాడు. జున్ను వర్తకుల ముఖాలూ, బీరు కాచేవాళ్ళ ముఖాలూ గీసి బతికేవాడు. ఉన్నది ఉన్నట్టు దించడమే అక్కడ పనితనం. నిమ్మతొక్క గీస్తే నోరూరాలి, ఈగను గీస్తే చూసినవాడు చెయ్యి విదిలించాలి. వెనకటి తరాల వాళ్ళు పునీతుల కథలు గీస్తూ, గుంపులో ఓ మూల తమ ముఖాన్ని దొంగతనంగా ఇరికించేవారు. యోరిస్ నాటికి ఆ బిడియం పోయింది. అద్దం ముందు బాసింపట్టు వేసుకుని తమను తామే గీసుకునేవారు.

తన ముఖాన్నీ గీసుకోవాలన్న యోరిస్ పట్టుదలకు వేరే కారణం కూడా ఉంది. అతనూ లీవెనూ కవలలు. లీవెన్ పావుగంట పెద్ద. అన్నకు కుడిబుగ్గన పుట్టుమచ్చ, తమ్ముడికి ఎడమబుగ్గన. అది చూడకపోతే కన్నతల్లే తడబడేది. చేపల పడవతో పాటు లీవెన్ మునిగి మూడేళ్ళయినా, యోరిస్ ఎదురుపడితే జనం ఉలిక్కిపడుతూనే ఉన్నారు. ఈ లోకంలో తనదే అయిన ముఖం ఒక్కటైనా మిగలాలని నలభయ్యో ఏట అద్దం ముందు కూర్చున్నాడు. చలికాలమంతా గీశాడు. కంటికింది సంచీ, సగం మాసిన గడ్డం, దేన్నీ వదల్లేదు.

పొగబెట్టిన చేపలు ఇచ్చిపోదామని వచ్చిన వదిన హిల్లె, చిత్రాన్ని చూసి గిన్నె జారవిడిచింది.

"లీవెన్!"

"అది నేనే వదినా."

"పదేళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి నేనెరగనా? కుడిబుగ్గన మచ్చ చూడు."

"అద్దంలో ఎడమ కుడవుతుంది కదా..."

"అద్దంలోంచి చూసింది నువ్వేనని నీకెలా తెలుసు?"

యోరిస్ కుంచె అందుకున్నాడు. మచ్చను గీకి రెండో బుగ్గకు మార్చాడు. ఎవరిదీ కాని ముఖం వచ్చింది. తిరిగి కుడికే పెట్టి, బొమ్మను ఆమెకే ఇచ్చేశాడు.

ఏడాది తిరగ్గానే హిల్లె దాన్ని మోసుకొచ్చింది.

"మీ అన్నకి ఏడాది పైబడింది. జుట్టుకి నెరుపు వెయ్యి."

"పోయినవాడికి నెరుపేంటి వదినా?"

"నీకు రాలేదూ? కవలలేగా. నీ బీరు బుగ్గలు మాత్రం ఆయనకి అంటించకు!"

యోరిస్ నవ్వాడు. కానీ కంటికి కనబడనిది అతని చేతికి రాదు. అద్దంలో చూసి నెరుపూ వేశాడు, బుగ్గలూ వేశాడు. అప్పటినుంచి ఏటా అదే వరస. హిల్లె ఇంట్లో భోజనానికి కూర్చుంటే రొట్టె ముందు బొమ్మకు పెట్టి, తర్వాతే ఇతని పళ్ళెంలో వేసేది. అది కూడా ఇతని ముఖం చూడకుండానే.

తొమ్మిదో ఏడు యోరిస్ దగ్గుతూ గీశాడు. కళ్ళలో పచ్చదనం, కణతల దగ్గర గుంటలు, కనబడినవన్నీ దించాడు. హిల్లె బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"ఈ చలికాలం దాటడు," అంది.

"ఎవరు?"

"అప్పుడు సముద్రంలో ఒంటరిగా పోయాడు. ఈసారి నేను పక్కనే ఉంటా."

యోరిస్ కుంచె కింద పెట్టాడు. "వదినా, ఒక్కసారి నావైపు చూడవా?"

ఆమె తిరిగి చూసింది. ఎవరో తెలియనివాణ్ణి మర్యాద కోసం పలకరించినట్టు నవ్వింది.

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు," అని, తడి రంగు అంటకుండా బొమ్మను రెండు చేతులా పట్టుకుంది. "తలుపు తియ్యి, చీకటి పడకముందే వెళ్ళి ఆయనకి పక్క వెచ్చబెట్టాలి."