పికిలిపిట్ట గూటి తలుపు

మా మామ పనితనాన్ని ఎవరైనా పొగిడితే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన చేతికింద పని నేర్చుకున్నాను, ఆయన ఇంట్లో అన్నం తిన్నాను. అయినా మండుతుంది.

తిరుపతిలో మామకు ఫొటో స్టూడియో ఉండేది. ఆయనకు ఒకటే పట్టుదల: ముఖం మీద నీడ పడకూడదు. పెళ్ళికూతురి ముంగురులైనా, ముసలాయన తలపాగా అయినా వెనక్కి తోయాల్సిందే. ఆ తోసే పని నాది.

అవి యుద్ధం రోజులు. ఫొటోకు వాడే గాజుపలకలు దొరకడం గగనమైపోయింది. మదరాసులో ఫొటోల పోటీ పెడుతున్నారని విని, మామ దాచుకున్న ఒక్క పలకనూ బయటికి తీశాడు. పెళ్ళిఫొటోలు పంపితే నవ్వుతారట, పక్షి కావాలట. ఉగాది వెళ్ళిన వారానికి కెమెరా పెట్టె నా నెత్తికెత్తి, చంద్రగిరి కోట వెనక గుట్టల్లోకి నడిపించాడు.

అక్కడ గొర్రెలు మేపుకునే అవ్వ ఒకామె మాకు గూడు చూపించింది. ముళ్ళ కలివిపొదలో, నడుమెత్తున, దోసెడంత గూడు. లోపల మూడు పికిలిపిట్ట పిల్లలు, ఇంకా ఈకలు కూడా రాలేదు. అలికిడి విని తల్లే అనుకొని మూడూ నోళ్ళు తెరిచాయి. గూటికి అడ్డంగా ఆకులు గుబురుగా ఉన్న కొమ్మ ఒకటి ఉంది.

"నీడ పడతాండాది. ఆ కొమ్మ కొట్టెయ్ రా" అన్నాడు మామ.

"కొట్టొద్దప్పా" అంది అవ్వ. "అది దాని ఇంటికి తలుపు. తీసేస్తే కాకి సూస్తాది."

"నువ్వు పోయి గొర్రెల్ని సూసుకోమ్మా!"

ఇరవై ఏళ్ళవాణ్ణి. నా నోట్లో నాలుక లేదా? కొడవలి నా చేతిలోనే ఉంది. కొట్టాను.

గూటి మీద ఎండ పడింది. మామ ముఖం వెలిగిపోయింది. కెమెరాను ఆకులతో కప్పి, దాని పొడుగాటి రబ్బరు గొట్టం పట్టుకొని బండ వెనక నక్కాం. గొట్టం చివరి బుడ్డి నొక్కితే ఫొటో పడుతుంది. తల్లి రాకముందే కాకి వచ్చింది.

నేను లేచాను. మామ నా భుజం పట్టి కిందికి అణిచాడు.

"లేసినావంటే తల్లి పారిపోతాది. ఉండేది ఒక్క పలక."

"కాకి పిల్లల్ని ఎత్తుకపోతాండాది మామా!"

"గమ్మునుండు."

గమ్మునున్నాను. నా కోపమంతా ఇదే. మామ చెయ్యి ఎంత బరువని? విదిలిస్తే ఊడిపోయేది. కాకి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ గమ్మునున్నాను. ఆ తర్వాత తల్లి వచ్చింది, ముక్కున పురుగుతో. గూటి అంచున వాలి లోపలికి చూసింది. పురుగు జారి పడింది. నోరంతా తెరిచి అరిచింది. మామ బుడ్డి నొక్కాడు.

పోటీలో బహుమతి వచ్చింది. మామ ఆ ఫొటోకు అద్దం కట్టించి, కింద 'పాడే పిట్ట' అని రాయించి, గుమ్మానికి ఎదురుగా తగిలించాడు. వచ్చినవాళ్ళంతా "ఎంత బాగా పాడతాండాదో!" అని మురిసిపోయేవాళ్ళు. మామ మీసం దువ్వుకునేవాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

మరుసటి ఏడు ఆ అవ్వ మనవరాలి పెళ్ళికి బట్టలు కొనడానికి తిరుపతి వచ్చి, మా స్టూడియోలోకి తొంగిచూసింది. లోపలికి వచ్చి ఫొటోలోని గూటి మీద వేలు పెట్టింది.

"పిల్లలు యాడప్పా?" అంది.

"గూడు లోతు గదా, లోపలుండాయి" అన్నాడు మామ, తడుముకోకుండా.

అవ్వ ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను ఆ ఫొటో దించి బల్ల మీద బోర్లా పెట్టాను. మామ కేకలేశాడు. అవ్వ మాత్రం ఒక్క మాట అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నన్ను నాలుగు తిట్టి ఉంటే, ఈ మంట కొంతైనా ఆరేది.