సఫూరా ఫెర్న్ తొట్లలో పడ్డ మందు

“ఇది కూరకి కూడా పనికిరాదు. మరెందుకు పెంచుతున్నావమ్మాయ్?”

గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద గది అద్దెకిచ్చిన కొత్తలో ఇంటి ఓనరు యలమంద సఫూరాని అడిగిన మాట ఇది. ఆయన ప్రత్తిపాడులో ఏళ్ళ తరబడి మిర్చి పండించినవాడు. ఏ ఆకు చూసినా దాని రేటు తెలియాలి ఆయనకి.

“అమ్ముతాను బాబాయ్. అక్వేరియంలో పెట్టుకుంటారు.”

“డబ్బులిచ్చి గడ్డి కొంటారా?”

“మీరు డబ్బులిచ్చి క్రోటన్లు కొనలేదా?”

యలమంద గుమ్మంలో కుండీల వైపు చూసి నవ్వేశాడు.

సఫూరా ప్రకృతి ప్రేమికురాలని ఎవరైనా అంటే నమ్మకండి. జాకెట్లు కుట్టీ కుట్టీ నడుం పోయింది. మిషను ముందు కూర్చోకుండా బతికే దారి వెతుక్కుంది, అంతే. జావా ఫెర్న్ నీళ్ళలో పెరుగుతుంది, ఎక్కువ వెలుతురు అడగదు. కానీ దాని అడుగుకాడని ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది; రాయికో చెక్కకో దారంతో కట్టి నీళ్ళలో దించాలి. దారం పని ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఓపికే కొత్తగా నేర్చుకుంది. ఒక్క ఆకు ఎదగడానికి వారాలు పడుతుంది. గుంటూరు ఎండకి తొట్లు కాగిపోకుండా ఫ్యాన్లు తిప్పాలి, కరెంటు పోతే నీళ్ళలో ఐసు సీసాలు వెయ్యాలి. మూడేళ్ళకి విజయవాడ షాపు ఒకటి పెద్ద ఆర్డరిచ్చి అడ్వాన్సు పంపింది. సఫూరా ఆ డబ్బుతో కొత్త తొట్లు కొని, కుట్టుమిషను అమ్మేసింది.

సరుకు పంపాల్సిన వారంలోనే పిడుగురాళ్లలో బంధువుల పెళ్ళి. “నీళ్ళు తగ్గితే కాస్త పొయ్యండి బాబాయ్” అని తాళం ఇచ్చి వెళ్ళింది.

మిర్చి రైతు చేతికి ఆకు తగిలితే తిరగెయ్యకుండా ఉండలేడు. యలమంద తిరగేశాడు. అడుగున వరసగా నల్లటి చుక్కలు. నల్ల తామర పురుగు తోటని ఊడ్చేసిన ఏడాది ఆయన మర్చిపోలేదు. ఇంట్లో మిగిలిన పురుగుమందు తెచ్చి తొట్టికో మూత పోశాడు.

సఫూరా తిరిగొచ్చేసరికి నాచు తినడానికి వేసిన చిట్టి రొయ్యలన్నీ చచ్చి పడున్నాయి.

“పురుగు పట్టిందమ్మాయ్! నేను చూశా కాబట్టి సరిపోయింది.”

“పురుగు కాదు బాబాయ్. ఫెర్న్‌కి పువ్వుండదు, గింజుండదు. కొత్త మొక్క పుట్టే పొడి ఆ చుక్కల్లోనే ఉంటుంది.”

ఆయన తొట్టిలోకి వంగి చూశాడు. “మొక్కలు బానే ఉన్నాయిగా?” అన్నాడు.

అదే చిక్కు. మొక్కలు నిగనిగలాడుతున్నాయి.

“పంపెయ్. ఎవడికి తెలుస్తుంది? మందు కొట్టిన కాయ మేం మిర్చి యార్డుకి తోలట్లా?”

“మీ కాయ తిన్నవాడు మర్నాడే చావడు బాబాయ్. ఈ మొక్కలు కొన్నవాళ్ళ తొట్లో రొయ్యలు చస్తాయి.”

దీనికి నిజాయితీ అని పేరు పెట్టి దండ వెయ్యనక్కర్లేదు. ఇంట్లో రొయ్యలు చచ్చిన మనిషి మొక్కలమ్మినావిడని ఊరూరా తిడతాడని ఆమెకి తెలుసు. ఆ సంగతి తెలిసి కూడా పంపేవాళ్ళు బోలెడుమంది. ఆమె నీళ్ళు మార్చి, ఒక్క రొయ్యని వేసి చూసింది. చచ్చింది. మళ్ళీ మార్చింది. మళ్ళీ చచ్చింది. అప్పుడు షాపుకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. వాళ్ళు జాలి పడ్డారు, ఆర్డరు రద్దు చేశారు, అడ్వాన్సు తిరిగి అడిగారు.

యలమంద రెండు నెలల అద్దె వదిలేశాడు. సఫూరా పక్కింటావిడ మిషను మీద మళ్ళీ జాకెట్లు కుడుతోంది. షాపుకి ఇంకా నాలుగు వేలు కట్టాలి.